చర్చి పిల్ల వేసిన జడ

రాయచూరు ఆసుపత్రి వార్డులో ముసలామె కళ్లు మూసుకుని పడుకుంది. సింధనూరు చర్చి యువజనులతో రోగుల సేవకొచ్చిన అమ్మాయిని ఆమె కొడుకు నిలదీశాడు.

“మా అమ్మకు జడేసింది నువ్వేనా?”

“నేనేనండీ. కాస్త మెల్లగా, నిద్రపోతున్నారు.”

“మతం మార్చనీకి వచ్చిన్రా? ప్రార్థన గిట్ల చేయించినవా?”

“లేదండీ. పాట పాడమన్నారు. నాకు చర్చి పాటలే వచ్చన్నాను. అప్పుడు రాఘవేంద్రస్వామి పాట ఆవిడే నేర్పారు.”

“అబద్ధం! దవాఖానకు తెచ్చినప్పటి సంది నాతోటి ఒక్క మాట మాట్లాడలే. నోరే పడిపోయిందనుకున్న.”

“పొద్దుట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నారండీ.”

“నా గురించి ఏమన్న చెప్పిందా?”

అమ్మాయి చేతిలోని దువ్వెన వైపు చూసింది.

“ఏమన్నదో జల్ది చెప్పు.”

“మా అబ్బాయొస్తే నిద్రపోయానని చెప్పమ్మా అన్నారండీ.”