సుగుణమణి టీచరు, నా తెల్ల ఉమ్మి

ఏందీ, పిల్లలు నవ్వుతున్నరా? నీ మీదనా, నువ్వు చెప్పే నీతి మీదనా? కూసో హర్షిణీ. గా కుర్చీల గాదు, దాని కాలు ఊగుతది, గీ పీట మీద కూసో. జూన్ల రాష్ట్రమచ్చె, జులైల నీకు టీచరు నౌకరచ్చె, ఆగస్టుల ఏడుపు మొఖం పెట్టుకోని ఈ పోశం తాత ఇంటికస్తివి. తొమ్మిదో తరగతి పోరగాండ్లకు మంచీ చెడ్డా చెప్పుడంటే ఆషామాషీ గాదు బిడ్డా. బొగ్గునన్న పేల్చచ్చు గని, పదిహేనేండ్ల పోరని చెవుల మాట దూర్చుడు కష్టం. ముప్పై నాలుగేండ్లు బొగ్గు బాయిల పనిచేసినోన్ని చెప్తున్న. మా కొడుకు సంపత్ గాడు తక్కువోడా? ఇప్పుడు మీసం తిప్పుకుంట పెద్దమనిషి లెక్క తిరుగుతుండు గని గప్పుడు... ఆగు, నీకు సుగుణమణి టీచరు ఎరుకేనా? ఎట్ల ఎరుకుంటది, మీరు పెద్దపల్లి నుంచి ఈ క్వార్టర్ల లైనుకు రాకముందు ముచ్చట. ఆమె పోయి ఎనిమిదేండ్లాయె.

గింతంత మనిషి. భుజాన సంచి ఆమెకన్న పెద్దగుండేది. పెనిమిటి కూడ మా బాయోడే, ఎన్నడో పోయిండు. ఆదివారం చర్చిల పాడిన పాట శనివారం దాక నోట్లనే తిరుగుతుండె. కట్టె పట్టదు, తిట్టదు. కండ్లద్దాలు తీసి కొంగుతోని తుడుసుకున్నదంటే మాత్రం క్లాసంత సప్పుడుండది. గప్పుడు మా సంపత్ పదో తరగతి. ఒకనాడు ఏమయిందంటే, వేణుమాధవ్ అని వీని దోస్తు, వాళ్ల నాయిన ఎల్లన్న రాత్రి షిఫ్టు దిగి సీదా బడికచ్చిండు, ఏదో కాయితం మీద దస్కతు పెట్టేదుందని. తానం లేదు, బట్టలు మార్చలేదు, మొఖమంత మసి. వాకిట్ల నిలవడి, "మా వేణు ఉన్నడా మేడం?" అన్నడు. మా సంపత్ గాడు ఎనక బెంచీల నుంచి, "దయ్యమచ్చిందిరో!" అన్నడట. అందరు కిసకిస. వేణుమాధవ్ ఏమన్నడో ఎరుకేనా? "ఆయన మా పక్కింటాయన మేడం" అన్నడు. సొంత నాయినను పట్టుకోని! ఎల్లన్న ఇన్నడు. ఇనీ, "అవు మేడం, పక్కింటోన్నే" అని దస్కతు పెట్టి పోయిండు. మంచోడు పాపం. మంచోడే గని పేక పత్తాలాడేటప్పుడు దొంగాటలాడుతుండె... సరే, గదిప్పుడెందుకు.

బోర్డు మీద గా పొద్దే ఆమె రాసిందట, 'తల్లిదండ్రులను గౌరవించవలెను' అని. కండ్లద్దాలు తుడుసుకున్నది, గదే కొంగుతోని బోర్డు కూడ తుడిచింది. "ఎవరెవరి నాయినలు రేపు పస్ట్ షిఫ్టున్నరో చేతులెత్తుండ్రి" అన్నది. పదకొండు మంది తేలిండ్రు, అండ్ల మా సంపత్ ఒకడు. వేణుమాధవ్ నాయినకు రాత్రి షిఫ్టే గద, అయినా "నువ్వు కూడ రా" అన్నదట. తెల్లారి పగటిపూట మూడు కొట్టంగ గాళ్లను బాయి గేటు బయట వరుసకు నిలవెట్టింది. "ఏం లేదు, మీ మీ నాయినలను గుర్తువట్టి ఇంటికి తోల్కపోండ్రి, గదే ఇయ్యాల పాఠం" అన్నది.

ఇగ సూడు తమాష. షిఫ్టు దిగి రెండు వందల మంది బయటికస్తున్నరు, అందరివి ఒక్కటే మొఖాలు. కండ్లు తెల్లగ, పండ్లు తెల్లగ, మిగిలింది నలుపు. దగ్గుడు, నల్లగ ఉమ్ముడు. రెజీనా అనే పిల్ల ఉరికి మా బాయిల పనిచేసే ముత్యం చెయ్యి పట్టుకోని "డాడీ" అన్నది. ముత్యం, "నాకు ముగ్గురూ కొడుకులే బిడ్డా, ఆడబిడ్డ లేదన్న రంది తీరింది, నడువు పోదాం" అన్నడట. ఆ పిల్ల నవ్విందట, తర్వాత ఏడ్చిందట. ఒక్కొక్కలు ఒక్కొక్కలను దొరకవట్టుకోని పోయిండ్రు. వేణుమాధవ్ ఇంటికి ఉరికి, పండుకున్న ఎల్లన్నను లేపి కాళ్లు వట్టుకున్నడట. ఆఖరికి గేటు కాడ ఎవరున్నరు? మా సంపతూ, టీచరమ్మ. లోపట ఇంకెవ్వలు లేరని గేటాయన చెప్పినా వీడు కదలలే.

నేనేడున్ననంటవా? ఏం చెప్పుదు బిడ్డా. గోదారి ఒడ్డున. పొద్దుగాల్నే బూట్లేసుకోని, టిఫిను పట్టుకోని డ్యూటీ అని బయలెల్లుడు, నాగా పెట్టుడు, గాలమేసుకోని కూసునుడు. నెలకు ఆరేడు నాగాలు. ఆ చీకట్ల దిగబుద్ధి గాకపోతుండె. చేపలు వడితే మళ్ల నీళ్లల్లనే ఇడుస్తుంటి, ఇంటికి తెస్తే నా ఇంటిది కనకవ్వ అడుగుతది గద. ఇగ తిరిగచ్చేటప్పుడు జేబుల బొగ్గు పెళ్ల తీసి, నూరి, మొఖానికి పట్టించుకునుడు. నవ్వకు! మంచిగ పట్టిస్తుంటి, పౌడరద్దినట్టు.

గా పొద్దు గట్లనే మొఖానికేసుకోని ఇంటికస్తిని. సూస్తే టీచరమ్మ చాయ్ తాగుతుంది, పక్కకు సంపత్ గాడు మొఖం ముడుసుకోని. నాకేమెరుక గేటు కాడ ముచ్చట? "ఇయ్యాల పని ఎట్లుండె అన్నా?" అన్నది. ఇగ అందుకున్న. "ఏం చెప్పమంటవ్ టీచరమ్మా, పైకప్పు కిర్రుమన్నది, నేనే దిమ్మె పెట్టి ఆపిన, లేకుంటే నలుగురు పోతుండ్రి!" ఆమె "అట్లనా" అన్నది. గంతే. దొరికినవని అనలే. నేను నల్లా కాడికి పోయి నోరు పుక్కిలించి ఉమ్మిన. సంపత్ గాడు ఎనకనే అచ్చి నిలవడ్డడు. "నాయినా, నీ ఉమ్మి తెల్లగున్నదేంది?" అన్నడు.

కండ్లు ఎత్తి సూస్తే గుమ్మంల టీచరమ్మ. ఇంకొక్క అబద్ధం నాలుక మీదికచ్చింది బిడ్డా, నోరంత మంచిగ కడుక్కున్న అందామని. పోరని మొఖం సూసిన. కోపముంటే అంటుంటినేమో. వాడు బతిమాలినట్టు సూస్తుండు, ఏదన్న మంచి జవాబు చెప్పు నాయినా అన్నట్టు. ఇగ కూలవడ్డ. "నేను బాయికి పోలేదురా, గోదారి కాడ గాలమేసిన. మస్తు రోజుల నుంచి గిదే పని" అన్న. లోపట్నుంచి కనకవ్వ, "మరి చేపలేవీ?" అన్నది. ఎంత సిగ్గులనన్నా నవ్వస్తది సూడు! సంపత్ నవ్వలే. టీచరమ్మ సంచి భుజానేసుకోని, "రేపు మూడింటికి మేము మళ్ల వస్తం అన్నా" అని పోయింది.

పోయిన. బాయికి పోకుంటే ఎట్ల? మూడింటికి బయటికస్తే గేటు కాడ సంపత్ నా దిక్కు సూసుకుంట, ఎనక చెంబు పట్టుకోని టీచరమ్మ. దగ్గరికచ్చి, "ఉమ్ము" అన్నడు. రెండు వందల మంది ముందట! ఉమ్మిన. నల్లగ వడ్డది. షిఫ్టు షిఫ్టంత ఒక్కటే నవ్వు. టీచరమ్మ మాత్రం చెంబు వాని చేతికిచ్చి, "మీ నాయినకు నీళ్లియ్యి" అన్నది. ఇంటికి పోయేటప్పుడు నా టిఫిను వాడే పట్టుకున్నడు. గది ఎవ్వలు చెప్పలే వానికి.

ఆమెకు గుండె జబ్బుండె, మాకెవ్వలకు చెప్పలే. ఆమెను మన్నుల పెట్టేనాడు నాకు పస్ట్ షిఫ్టు. పొద్దుగాల బూట్లేసుకున్న, మళ్ల ఇప్పిన. "కనకవ్వా, ఇయ్యాల నాగా పెడుతున్ననే" అన్న. ఇంట్ల చెప్పి పెట్టిన మొదటి నాగా గదే. సంపతూ నేనూ ఇద్దరం పోయినం. వాడు మన్ను పోసిండు, నేను...

ఆ... నల్లా అచ్చినట్టుంది, సప్పుడిన్నవా? లే బిడ్డా, గా బిందె పెట్టు, జల్ది పోతది.