బుచ్చవ్వ కోడిగుడ్డు

మెట్‌పల్లిలో బాలవ్వ చాయ్ హోటల్ ముందర శ్రీహరి గిన్నెలో గుడ్డు కొట్టి లింగమూర్తికి చూపించాడు. కొత్తగా కోళ్ల షెడ్డు పెట్టిన పిల్లగాడు, మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"సూడు కాకా, సొన ఎట్ల తెల్లవోయిందో. పెంకు ముట్టుకుంటెనే పగులుతుంది. దుకాణపోళ్లు ఇగ తేవద్దంటుండ్రు. దాణాల కలిపే రంగు పొడేదో ఉన్నదట, తెచ్చుకుంట."

లింగమూర్తికి ప్రాణం చివుక్కుమంది. దుబాయిలో ఉన్నన్నేళ్లూ, తల్లి బుచ్చవ్వ కోళ్లకు గింజలు చల్లుతూ పిలిచే పిలుపే ఆయన చెవుల్లో మోగేది. ఆమె చేతి దాణా ఉండగా ఈ పిల్లగాడు రంగు పొడి కొనడమా!

"పొడి గిడి ఎందుకురా? మా అవ్వ నూకలల్ల ఎండిన మునగాకు, బంతిపూల రెక్కలు, చిటికెడు పసుపు కలిపి ఏసేది. సొన మోదుగుపువ్వు లెక్క ఉండె."

పొయ్యి దగ్గర బాలవ్వ తమ్ముడు లింగమూర్తి వైపు ఒకసారి చూసి, చాయ్ వడగట్టింది.

"మరి పెంకు?" అన్నాడు శ్రీహరి.

"పెంకా! ఓపారి గుడ్డు బండ మీద వడ్డది, బండ నెర్రెవాసింది. మా బాపు గొడ్డలితోని ఒక్కటేసిండు, గొడ్డలి మొద్దువడ్డది గని గుడ్డుకు గీత వడలే. అటెన్క ఏమైందో ఎరుకేనా? గది దొర్లుకుంట దొర్లుకుంట రోడ్డు మీదికి వొయ్యింది, పసుపు బస్తాల లారీ దాని మీదికెక్కింది, టైరు ఢామ్మన్నది!"

మగ్గం పని నుంచి వచ్చిన దేవదాస్ గ్లాసు కింద పెట్టాడు. "గుడ్డేమాయె?"

"జరంత బీటువారింది. గా బీటులకెల్లి సొన వెలుగు బయటికొచ్చిందే, ఇగ సూస్కో! పొద్దు గూకినంక జైనూర్ గుట్టలోళ్లు తెల్లారిందని ఎడ్లకు నాగండ్లు కట్టిండ్రు. బోథ్‌ల పుంజులన్నీ ఒక్కపారే కూసినయి. పొద్దుగాల సూర్యుడొచ్చి, ఈడ మనతోని పనేమున్నదని వాపస్ పోయిండు!"

అందరూ ఘొల్లుమన్నారు. శ్రీహరి కూడా నవ్వి, రంగు పొడి కోసం బండి తాళం తీశాడు. లింగమూర్తి చటుక్కున లేచాడు. కోతలు కోసి కోసి అవ్వ దాణానే అబద్ధం చేసేశాడు.

"ఆగురా, సొన రంగు మాత్రం నా కండ్లార సూసిన..."

"ఏడ సూసినవ్‌రా?" అంది బాలవ్వ. "మనింట్ల ఎన్నడన్న గుడ్డు కొట్టినమా? అవ్వ ఒక్కటి ముట్టనిచ్చిందా? పిల్లలు కావాలెనని అన్నీ కోడి కిందనే వెట్టె."

లింగమూర్తికి గంపలో గడ్డి మీది వెచ్చని గుడ్లు గుర్తొచ్చాయి. చెయ్యి పెడితే అవ్వ అదిలించేది. ఆ అదిలింపు కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంది.

"మరి దాణా అక్కా? గదన్న నిజమేనా?"

"గది నిజమే. బంతిపూలు ఎండవోసింది నేనే గదరా." బాలవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని శ్రీహరి వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల రా అల్లుడా. కలిపిస్త, కొన్ని కోళ్లకు ఏసి సూద్దాం. మా అవ్వ గుడ్లల్ల సొన ఏ రంగుండెనో, ముసలోళ్లమైనా మేమిద్దరం ఇంకా సూడలే."