ఉప్పునీళ్లలో తేలిన తిరగలి

సోయా ముద్దల్ని ఉప్పునీళ్లలో ఊరేసి ఏడాది వంటకు సరిపడా జాంగ్ పెట్టే రోజున, మా కొరియా పల్లెలో నీళ్లు కలిపే గరిటె ఏడేళ్ల కిందటి దాకా నా చేతిలోనే ఉండేది. ఆ ఏడాది జాంగ్ జాడీలన్నీ కుళ్లిపోయాయి. ఊరంతా ఏడాది పాటు కొట్లో అమ్మే డబ్బా జాంగ్ తిన్నది. గరిటె పక్కింటి ఒక్‌బున్ చేతికి పోయింది. మూతలు తీసి వానకు వదిలేసింది ఆ ఒక్‌బునే అని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

ఈ ఏడు ఒక్‌బున్‌కి మణికట్టు నొప్పి. ఎవరు కలపాలో తేల్చడానికి మహిళా సంఘం పెద్ద మ్యోంగ్‌హీ అందర్నీ ఊరి హాలు ముందున్న వెడల్పాటి బల్ల మీద కూచోబెట్టింది.

"నాకెందుకివ్వాలో చెప్తా, వినండి," అన్నాను. "మా అత్తగారు బతికున్న రోజుల్లో మొదటిసారి నేను కలిపా. ఉప్పు పోశాను, కలిపాను, సరిపోయిందో లేదో చూడ్డానికి గుడ్డు వేశాను. గుడ్డు తేలి ఐదొందల వోన్ల నాణెమంత మేర పైకి కనపడింది, అంతకు వెంట్రుకంత ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"అది అందరం చేస్తాంగా, గల్మీ అక్కా," అంది చివర కూచున్న సున్‌నమ్. నేను గల్మీ అనే ఊరి నుంచి కాపురానికొచ్చాను గనక ఊరందరికీ గల్మీ అక్కనే.

"చేస్తారు, ఎందుకు తేలుద్దో మాత్రం తెలీదు. బరువైంది మునుగుద్ది, తేలికైంది తేలుద్ది అనుకుంటారు. మరి ఓడ గుడ్డుకంటే తేలికా? గుడ్డు ఎంత చోటు పడుతుందో అంత చోటుకి సరిపడా నీళ్లు తూచి చూడు. గుడ్డుకంటే నీళ్లు తేలికైతే గుడ్డు మునుగుద్ది, నీళ్లు బరువైతే తేలుద్ది. చెంబు మంచినీళ్లూ, చెంబు ఉప్పునీళ్లూ చోటు ఒకటే, బరువు వేరు. ఆ కిటుకు పట్టుకున్నా గనకే మరుసటేడు ఇంకో బస్తా ఉప్పు పోశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జాంగ్ చేదయింది," అంది ఒక్‌బున్.

"గుడ్డు సగం పైకొచ్చి నిలబడింది! సరే అని పది బస్తాలు పోశా. జాడీలో నీళ్లు వేలెడు కూడా పైకి రాలేదు, ఉప్పంతా నీళ్లలో సందులు వెతుక్కుని సర్దుకుంది. అప్పుడు మా అత్తగారి రాతి తిరగలి వేశా. పై రాయీ కింద రాయీ రెండూ తేలాయి. అలా తేలుతుండగానే శనగలు పోసి విసిరా."

"శనగలా? మన ఊళ్లో శనగలెక్కడివి, అక్కా?" అని సున్‌నమ్ నవ్వింది.

"సోయా గింజలు! కథలో గింజ ముఖ్యమా, తిరగలి ముఖ్యమా? ఇంతలో మా అత్తగారు తొంగిచూసి కాలుజారి జాడీలో పడింది. మునుగుద్దా? పీట మీద కూచున్నట్టు నీళ్ల మీద కూచుంది. మధ్యాహ్నం అన్నం వేళ దాకా నన్ను అక్కడే కూచుని తిట్టింది, చీర అంచు కూడా తడవలేదు."

"చీరెక్కడిది, అక్కా!"

"పావడా అంచు అన్నా. అడ్డు రాకండి. మరి మిగిలిన నీళ్లు కాలవలో పారబోశా, కాలవ సముద్రంలో కలిసింది. తెల్లారి చూస్తే మన ఊరి పడవలన్నీ నీటి మీద బొమ్మల్లా నిలబడ్డాయి, ఇంజన్ రెక్కలు గాలిలో తిరుగుతున్నాయి. వలలు మునగవు, చేపలు మునగవు. ఆక్టోపస్‌లు ఉతికి ఆరేసిన గుడ్డల్లా పరుచుకుని పడున్నాయి. మన మగాళ్లు పడవల్లో బండరాళ్లు వేసుకుంటే గాని అవి కాస్త కిందికి దిగలేదు. నేను ఎదురు దీవి దాకా రబ్బరు చెప్పులతో నడిచి వెళ్లి మా చెల్లెల్ని చూసొచ్చా. దార్లో వాన పడితే చుక్కలు నీళ్లలో కలవక పూసల్లా దొర్లాయి, దోసిట్లో పోగేసుకున్నా."

అందరూ నవ్వారు. మ్యోంగ్‌హీ కళ్లు తుడుచుకుని, "ఇంత చేయి తిరిగినదానివి, కొలత గుడ్డు తెచ్చావా, అక్కా?" అంది.

గడ్డిలో చుట్టిన గుడ్డు తీసి బల్ల మీద పెట్టాను. "పోయిన శరదృతువు పున్నమి నాడు మా కోడి పెట్టింది. పున్నమి గుడ్డు తప్పితే నేను దేనితోనూ కొలవను. మా అమ్మ నేర్పింది. ఏటా అంతే."

ఒక్‌బున్ దగ్గరికి జరిగింది. తాగడానికి పెట్టిన మంచినీళ్ల గిన్నె ముందుకు లాగి, నా గుడ్డు అందులో వదిలింది. ఉప్పు రవ్వ లేదు. గుడ్డు తేలింది. పైకి కనపడిన మేర చూస్తే నాణెం కంటే పెద్దదే.

బల్ల మీద ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"అయిదు నెలల్లో పెంకులోంచి తడి ఆరిపోయింది, అక్కా," అంది ఒక్‌బున్, మెల్లగా. "సైజు అదే, బరువు తగ్గింది. ఇప్పుడు నువ్వే చెప్పావుగా. ఇలాంటిది తేలితే చాలనుకుని ఉప్పు తక్కువలోనే ఆపేసి ఉంటావు. ఏడేళ్ల కిందటా పున్నమి గుడ్డేనా?"

ఏటా అంతే అని నా నోటితోనే అన్నాను.

"ముందటేళ్లు బానే ఉన్నాయిగా మరి?" అని సున్‌నమ్ నా తరపున అడిగింది.

"ముందటేళ్లు మా ఇంటి అత్త నీ పక్కనే ఉండి, రుచి చూసి ఇంకో రెండు దోసిళ్లు ఉప్పు వేసేది. ఆ ఏడు ఆమె లేదు," అంది ఒక్‌బున్. "మూతలు నేను తియ్యలేదు, అక్కా. ఏడేళ్లుగా చెప్తున్నా."

మ్యోంగ్‌హీ లేచి గరిటె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "కలిపేది నువ్వే, అక్కా. నీ చేతిలో బలం ఎవరికీ లేదు. గుడ్డు మాత్రం ఒక్‌బున్ తెస్తుంది, ఇవాళ పొద్దున కోడి పెట్టినది."

గరిటె పట్టుకుని లేచాను. ఒక్‌బున్ ముఖం చూడకుండానే మ్యోంగ్‌హీతో అన్నాను:

"ఏ కోడిదో ముందు చెప్పమను."