మా అన్న తొక్కిచ్చిన కట్ట

ఏది, గా రంగుల కాయితం ఇటియ్యి బిడ్డా. నా అద్దాలు గా గూట్లె ఉన్నయి చూడు. ఆఁ, ఇప్పుడు కనబడుతున్నది. లే... క్... వ్యూ. లేక్ వ్యూ. ముసలితనంల రాత్రి బడికి పోయి నేర్చుకున్న అక్షరాలు గదా, ఒక్కొక్కదాన్ని చెయ్యి పట్టుకొని నడిపియ్యాలె నేను. మీ ఆయన గీడనే ప్లాటు తీసుకుంటనంటున్నడా? కానియ్యి. బొమ్మ సక్కగ ఏసిండ్రు. నీళ్లు నీలంగ, నీళ్ల మీద తెల్లటి బాతులు. గా ప్లాట్ల జాగల ఉన్న కుంట ఎవలు కట్టిండ్రో ఎరుకేనా నీకు? మా అన్న పెద్దరాములు. నీకు యాది ఉండదు, ఆయన పోయేటప్పటికి నువ్వు పలక గూడ పట్టలె. కుంట సంగతి సరే గని, గీ బాతుల బొమ్మ చూస్తుంటె నా పాణం ఎట్లనో అయితున్నది. గా కుంటల బాతులు మునిగినయి బిడ్డా. ఔ, బాతులే. చెప్త, గంత జల్దీ ఏముంది, కూసో.

మా నాయిన నన్ను దూరం ఇయ్యలె, పక్కూరికే ఇచ్చిండు. అన్న చెల్క మీది దిక్కు ఎత్తుల ఉండె, మీ తాతోళ్ల పొలం దాని కింద. అన్న ఒడ్డు మీద నిలబడి పిలిస్తె నాటేస్తున్న నాకు ఇనబడేది. ఆ చెల్కల ఒక పల్లముండె. అండ్ల కుంట కడ్తనన్నడు. బర్లకు నీళ్లయితయి, వదినకు బాతులయితయి, అందరికి చేపలయితయి అన్నడు. మొరం నేలల నీళ్లెక్కడాగుతయిరా, జల్లెడల పోసినట్టె అని ఊరంత నవ్విండ్రు. నవ్విందాంట్ల తప్పు లేదు, మొదటి ఏడు నిండిన నీళ్లు దసర నాటికే ఇంకిపోయినయి. ఇగ ఎండాకాలం రాంగనె పాత చెరువుల నల్లమట్టి బండ్ల మీద తోలుకొచ్చిండు. కుంట అడుగుకు, కట్ట లోపలి దిక్కుకు పరిచి, నీళ్లు చల్లి, బర్లను దించి తొక్కిచ్చిండు. ఊకె తొక్కిచ్చుడు గాదు. ముందుగాల బర్లను గుండ్రంగ తిప్పేటోడు, అవి అలిసినంక దూడలను దించేటోడు. దూడ గిట్ట చిన్నది, బర్రె గిట్ట సందుల మిగిలింది అది కూరుతదంట. ఆఖరికి తనే చెప్పులిడిసి దిగి మడిమతోని గుద్ది గుద్ది చూసేటోడు. మడిమ దిగిన జాగల మళ్ల మట్టి, మళ్ల బర్లు. మా వదిన సత్తెమ్మ సద్ది పట్టుకొచ్చి గట్టు మీద కూసొని, లగ్గమైన కొత్తల నన్ను గూడ గింత మంచిగ అరుసుకోలె గీయన, గా మట్టిని అరుసుకున్నట్టు అని ఎక్కిరిచ్చేది. ఆయన నవ్వేటోడు గాదు. కట్ట పని జరిగేటప్పుడు నవ్వొస్తదా మనిషికి.

ఆ ఏడు నిండిన నీళ్లు మళ్ల వానలు పడేదాక ఉన్నయి. కట్ట మీద రాయి పెట్టి, పసుపు రాసి, మైసమ్మను నిలిపిండు. జిన్నారం దిక్కు నుంచి గూడ మనుషులొచ్చేటోళ్లు, మాకో కుంట కట్టియ్యి రాములన్నా అని. పోయి నేల మీద నడిచి, గీడ వద్దు గాడ అని చెప్పి, వాళ్లు పోసిన కల్లు తాగి వచ్చేటోడు. ఒక్కటే మాట ఆయనది, నేను తొక్కిచ్చిన కట్ట తెగది. తాగినా గదే మాట, తాగకున్నా గదే. బాతులు నీళ్లల్ల తిరుగుతుంటె వాటి రెట్టకు చేపలు బలిసేటియి, ఒక్కొక్క బొచ్చె చేప నా చెయ్యంత. మా ఇండ్లల్ల ఒక పద్ధతుండె, మొదలు వల ఏసిననాడు పడ్డ మొదటి చేప ఇంట్ల వండొద్దు, ఆడబిడ్డకు ఇచ్చి రావాలె. అన్న ఆ చేపను తడిబట్టల చుట్టుకొని, కొత్త రుమాలు కట్టుకొని, పెండ్లికి వచ్చినట్టు వచ్చేటోడు. మీ తాత ఇంటి ముందట నిలబడి పది మందికి చూపిచ్చి లోపలికి పట్టుకొచ్చేటోడు. నా బావ తెచ్చిండు అని. గప్పుడు వాళ్లిద్దరు ఎంత దోస్తులనుకున్నవ్.

గా మీద దిక్కు మందుల కంపెనీ లేచింది. పేరెందుకులే, ఇప్పుడా పేరు గూడ లేదు, చేతులు మారింది. వాన పడ్డనాడు చూసి లోపలి నీళ్లు ఇడిసేటోళ్లు, వాన నీళ్లల్ల కలిసిపోతయి గదా, ఎవనికెరుక. మా అన్న కుంట నోరు వాలు దిక్కే ఉండె. వచ్చే నీళ్లన్ని తనకే రావాలని గట్ల కట్టుకుండు. అన్నీ వచ్చినయి. చాయ డికాషన్ లెక్క నీళ్లు, మీద నూనె తేలినట్టు మెరుపు. చేపలు తెల్లగ తిరగబడ్డయి. ఆ పొద్దుగాలనే వదిన బాతుల బుట్ట తెరిసింది. ఈకెకు ఉండే జిడ్డు పోయినట్టుంది, నీళ్లల్లకు దిగినయి దిగినట్టె బరువెక్కి, మెడలు పైకి పెట్టి, కిందికి పోతున్నయి. వదిన నడుం లోతుకు దిగి ఒక్కొక్కదాన్ని తీసి కొంగుతోని తుడిసింది. తుడిసినా బతకలె. ఆమె కాళ్లకు పుండ్లు లేచినయి. పెద్ద బర్రె కడుపుల దూడను ఈసుకపోయి సచ్చింది. ఒక ఆఫీసరు వచ్చి సీసల నీళ్లు పట్టుకుపోయిండు, ఆ సీస ఏమాయెనో ఇప్పటిదాక తెల్వది. కంపెనీ మేనేజరు చలపతిరావు మాత్రం మెత్తగ మాట్లాడేటోడు, 'చూడు రాములూ, పశువులన్నాక రోగాలు రావా, మా మీద ఎందుకు పెడతావు' అని.

మొరం నేల ఉన్నది ఉన్నట్టు ఇడిసిపెట్టి ఉంటె గా నీళ్లు భూమిల ఎటో అటు పోయేటియి. అన్న తొక్కిచ్చిండు గదా, ఒక్క బొట్టు గూడ పోలె. తూము తీస్తె కిందికే పోవాలె, కింద ఏమున్నది, మా పొలం, దానెనుక ఊరోళ్లు తాగే బాయి. ఇగ ప్రతి ఎండాకాలం తట్టలు మోసి కట్ట ఎత్తు పెంచుకుంట వచ్చిండు, నీళ్లు మత్తడి దుంకి కిందికి పారొద్దని. చేపలు లేవు, బాతులు లేవు, బర్లకు నీళ్లు బాయిల చేది పోస్తున్నడు, కుంటకు మాత్రం కట్ట పెంచుతున్నడు. పిచ్చి లేసిందన్నరు. అన్న చేప తెచ్చుడు బందయింది. ఏం తెస్తడు? గని మీ తాత దాన్ని ఇంకో తీరుగ పట్టుకుండు. కండ్లు నెత్తికెక్కినయి మీ అన్నకు, ఆడబిడ్డను మరిసిండు, చేపలు పట్నంల అమ్ముకుంటున్నడు అని. నేను చెప్తె ఇంటడా? నువ్వు వాళ్ల దిక్కే మాట్లాడుతవ్ అనేటోడు. రెండు పండుగలు చూసిండు, మూడో పండుగకు అన్నను పిలువలె.

అట్లుండంగ వానలు ఎనుకబడ్డ ఏడొచ్చింది. మా వరి పొట్టకొచ్చింది, బాయి అడుగంటింది. పైన చూస్తె కుంట నిండుగ ఉన్నది. మడ్డి అంత అడుక్కు దిగి మీద నీళ్లు తేటగ, మొఖం కనబడేటట్టు ఉన్నయి. మీ తాత పోయిండు. నేను ఎనుక నడిసిన, కొట్టుకుంటరేమోనని. కొట్టుకోలె. కట్ట మీద పక్కపక్కకు కూసొని బీడీలు గూడ తాగిండ్రు. తూము తియ్యి బావా, గీ ఒక్కసారి అన్నడు మీ తాత. అన్న గా నీళ్ల దిక్కే చూసుకుంట, 'అది నా చెల్లె పొలం లింగం. గివి మంచి నీళ్లయితె నువ్వడిగేదాక ఉంటనా' అన్నడు. మీ తాత బీడీ నలిపేసి లేచిండు. వచ్చేటప్పుడు తొవ్వ పొడుగున మా ఎండిన మడుల దిక్కే చూసుకుంట నడిసిండు.

అన్న పటాన్‌చెరు అంగడికి పోయిననాడు మీ తాత, ఇంకో ఇద్దరు పాలోళ్లు గడ్డపారలు పట్టుకొని పోయిండ్రు. నేను పొలానికి సద్ది తీసుకపోయినప్పుడు చూసిన, కట్ట మీద ముగ్గురు వంగి లేస్తున్నరు. గంత గట్టి మట్టి గదా, పగటి అన్నం యాళ్ల దాటినా తెగలె. తెగినంక నీళ్లు బుసబుస వచ్చినయి. మడులన్ని నిండినయి. ఆ సాయంత్రం పైరు తలకాయ ఎత్తిందనుకో, నాకు గూడ పాణం నిమ్మళమయింది, అన్న ఊకెనే భయపడ్డడేమో అనుకున్న. వారం తిరగలె, ఆకుల కొసలు మాడి, వరి గొలుసులు తెల్లబోయి, మా పొలమేంది, పక్కోళ్లది, ఆ పక్కోళ్లది అన్ని పోయినయి. తాగే బాయిల నురుగు లేచింది. పిల్లలకు వాంతులు. ఊరు ఊరంత పంచాయితికి కచీరు కాడికి వచ్చింది, కట్ట ఎవడు కొట్టిండో తేలాలె అని. మీ తాత నా పక్క గోడకు ఒరిగి నిలబడ్డడు, మొఖం మట్టి రంగయింది. ఆ దినం పేరు బయటపడితె ఊర్లె మాకు నిప్పు పుట్టేది కాదు, నీళ్లు పుట్టేది కాదు.

అన్నను పిలిపిచ్చిండ్రు. కంపెనీ నుంచి చలపతిరావు గూడ వచ్చి కుర్చీల కూసుండు. నేను నోరు తెరువబోయిన బిడ్డా. అన్న నా దిక్కు చూసి తలకాయ అడ్డం ఊపిండు, చిన్నప్పుడు నాయిన ముందల నన్ను కాపాడేటప్పుడు ఊపినట్టె. రుమాలు తీసి చేతుల పట్టుకుండు. 'ఎవలు కొట్టలె. నా కట్టనే తెగింది. మట్టి సరిగ తొక్కియ్యలె నేను' అన్నడు.

గా మాట ఆయన నోట్లకెంచి వచ్చుడు. నాకిప్పటికి సమజ్ కాదు, ఎట్ల వచ్చిందో. ఊరోళ్లు తిట్టిండ్రు, ఒకడు ఉమ్మిండు. గదన్న ఓర్సుకుందుము. చలపతిరావు కుర్చీల ముందుకు జరిగి, 'విన్నారు కదా, ఆయనే ఒప్పుకున్నాడు. కట్ట బలంగా ఉంటే మీ పొలాలు మునిగేవా? తప్పు కట్టది, మా కంపెనీది కాదు' అన్నడు. అన్న గది ఆలోచన చెయ్యలె. నన్ను కాపాడుతున్న అనుకుండు, కంపెనీని గూడ కాపాడిండు. ఊరోళ్లు ఎగబడతరని మూసుకున్న కంపెనీ గేట్లు, దుకాణం తెరిచినట్టు గంత తొందరగ తెరిసిండ్రు మళ్ల. ఇగ ఆయనను కుంట కట్టియ్యమని ఎవలు పిలువలె. తెగే కట్ట కట్టెటోన్ని ఎవలు పిలుస్తరు? బర్లను అమ్మిండు. ఖాళీ కుంట గట్టు మీద కూసొని ఉండేటోడు, మైసమ్మ రాయికి పసుపు రాసుడు గూడ ఇడిసిపెట్టిండు. పోయిననాడు మీ తాత పాడె పట్టిండు, మంచిగనే పట్టిండు, ఆఖరిదాక భుజం మార్సలె. నోరు మాత్రం తెరువలె. తెరువకుంటె తెరువకపాయె, ఇప్పుడు చాయ హోటలు కాడ కూసొని, మా బావ మంచోడే గని కట్ట కట్టుడు సరిగ రాకుండె అంటడు. చెప్పి చెప్పి నిజమే అనుకుంటున్నడో ఏమో. నేను గా మాట ఇనుకుంటనే ఉన్న.

మొన్న గీ కాయితమేసిన వెంచరోళ్లు జేసీబీ పెట్టి ప్లాట్ల కోసం కుంట సదును చేస్తుంటె చూద్దామని పోయినం, నేను, మీ తాత. మిషిని పండ్లు మట్టిల దిగుతలేవు. ఆ పిల్లగాడు బీహారోడు, మిషిని ఆపి దిగి, కాలుతోని తన్ని చూసి, ఎవరు కట్టిండ్రమ్మా గిది, ఇనుము లెక్క ఉన్నది అన్నడు, వానికొచ్చిన తెలుగుల. నేను మీ తాత మొఖం దిక్కు చూసిన. చెప్తడేమో, గిప్పుడన్న చెప్తడేమో, ఊరోళ్లెవలు లేరు, పరాయి పిల్లగాడు, చెప్తె పోయేదేముంది అని. భుజం మీద తువ్వాల తీసి దులిపిండు, మళ్ల ఏసుకుండు. ఎండ బాగయింది, పోదాం పా అన్నడు.

ఇగో, గేటు చప్పుడైంది, మీ తాతనే. కాయితం మడత పెట్టి నీ సంచిల ఏసుకో. లే, చాయ పెట్టు. ఆయనకు చక్కెర తక్కువెయ్యి.