పైనుంచి మూడో డిస్కు

సర్వర్ సారు టీ కౌంటర్ దగ్గర నోరు తెరిచాడంటే అందరి గ్లాసులూ చల్లారిపోవాల్సిందే. స్కాన్ సెంటర్‌లో కంప్యూటర్ల బాగోగులు చూసేది ఆయనే. ఆ పూట మేనేజరు కూడా నవ్వుతూ వింటున్నాడు. నవ్వనిది కిటికీలో రిపోర్టులిచ్చే ఆవిడ ఒక్కతే. సోమవారం రికార్డులు దాచే సర్వర్ కంప్యూటర్ కూలి పదకొండు వందల మంది స్కాన్లు పోయాయి. సర్వర్ పాడవుతోందని ముందే చెప్పలేదు, తప్పు నీదే, నాలుగింటిలోగా జవాబివ్వకపోతే ఉద్యోగం ఉండదంటూ అదే మేనేజరు పొద్దున ఆమెకి మెమో ఇచ్చాడు.

"మొదట చిన్న మెసేజేనయ్యా," అన్నాడు సారు. "డిస్క్ మూడు పాడైందని. ఇంకొకడైతే పుస్తకం తిరగేసేవాడు. నేను సర్వర్ పెట్టెకి చెవి ఆనించా, కరకరమంటోంది, ఆ చప్పుడుని బట్టే అది ఏ ఏడాది తయారైందో చెప్పేశా!"

"తయారుచేసినవాడి పేరు చెప్పలేదా సార్?" అన్నాడు డ్రైవర్.

"అడిగితే చెప్పేవాణ్ణే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర నిండా ఎర్ర మెసేజ్‌లు, నిమిషానికి నాలుగు వేలు! కంపెనీవాడికి ఫోన్ చేస్తే వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఊరుకోరా నాయనా అని ఓదార్చి, తిరుగుతున్న డిస్కుని ఒంటిచేత్తో పట్టి లాగేశా. ఆ ఊపుకి నేనూ గిర్రున తిరిగా, గదిలో కుర్చీలూ తిరిగాయి, అయినా వదిల్తేనా! జారిపోతున్న ఫైళ్లన్నీ బుర్రలోకి ఎక్కించుకుని, కొత్త డిస్కు పెట్టాక కళ్లు మూసుకుని టైపు కొట్టేశా. ఎక్స్‌రేలతో సహా!"

వాచ్‌మన్‌కి పొలమారింది. "ఎక్స్‌రేలు టైపు కొట్టారా?"

"ఎముక ఎముకా కొట్టా! ఒకాయనకి విరిగిన కాలెముక అతికించి కొట్టా, ఆయన మంచం దిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు."

అందరూ పడీపడీ నవ్వారు. ఆమె ముందుకొచ్చింది.

"పాడైన డిస్కు మీద పసుపు లైటు వెలుగుతుంది కదా సార్. చూశారా?"

"లైట్లు చూసి పీకేది నిన్నగాక మొన్న వచ్చినవాళ్లమ్మా. నేను వేలు పెట్టి లెక్కపెట్టా. పైనుంచి ఒకటి, రెండు, మూడు. లాగి పారేశా!"

"ఆ పెట్టెలో మొదటి డిస్కు నంబరు సున్నా. మూడంటే పైనుంచి నాలుగోది. ఒక్కటి పాడైతే మిగతావి పని నడిపిస్తాయి. దానితోపాటు ఇంకోటి కూడా పోతేనే అంతా పోతుంది. ఆ ఇంకోటి పాడవలేదు సార్, మీరు పీకారు! పదిరోజులుగా మెసేజ్ వస్తోందని మూడుసార్లు చెప్పాను. అప్పుడు రాలేదు. వచ్చి బాగున్నది పీకి నా నెత్తిన రుద్దుతారా? రోగులు రోజూ నా కిటికీ దగ్గరికొచ్చి నన్ను తిట్టిపోస్తున్నారు!"

"అబ్బే, ఏదో సరదాకి..."

"ఎముక అతికించింది సరదాకి. మూడోది పీకింది నిజం. ఎక్కడుంది ఆ డిస్కు? అది బాగానే ఉంటే స్కాన్లు తిరిగొచ్చే దారుంది."

సారు నేలచూపులు చూశాడు. "స్కూటర్ డిక్కీలో..."

"తాళం ఇవ్వండి."

సారు జేబులోంచి తీసి ఇచ్చాడు. మేనేజరు చెయ్యి చాపాడు. "ఆ మెమో ఇటివ్వమ్మా, చింపేస్తాను."

"చింపొద్దు సార్," అంది ఆమె. "పేరు మార్చండి."