మైనస్ అత్త

గవర్నమెంటు యూనివర్సిటీలో ప్రొఫెసరమ్మ గది. బల్లకి ఇటువైపు ఆవిడ తమ్ముడు, చేతిలో ఆ పూట పత్రిక.

"...వందకి నలభై ఒక్కరికి డిస్టింక్షనా? ఒరేయ్, నువ్వు పనిచేసేది యూనివర్సిటీయా, ఉచితాల దుకాణమా?"

"మీ దగ్గర ఆరుగురేగా అక్కా. మాది ప్రయివేటు. మీది ఉత్త వేటు."

"మేం చదివినవాళ్ళకే ఇస్తాం."

"మేమూ అంతే. కాకపోతే మా దగ్గర అందరూ చదివినట్టే లెక్క."

"ఈ వెటకారానికేనా పొద్దున్నే పత్రిక పట్టుకుని ఊడిపడ్డావ్?"

"కాదు. మా చిలక గురించి."

"ఏమైంది నా మేనకోడలికి?"

"మా దగ్గర లెక్చరర్ ఉద్యోగానికి పెట్టుకుంది. డిస్టింక్షన్ లేదని దరఖాస్తు వెనక్కొచ్చింది. ఇవాళ ఐదింటిదాకా మళ్ళీ ఇవ్వచ్చు. ఆ తర్వాత లేదు."

"అయ్యో."

"అయ్యో అంటే అర మార్కు రాదక్కా. దానికి తగ్గింది అర మార్కే."

"తెలుసు."

"ఆ పేపరు దిద్దింది నువ్వే."

"పేపరు మీద నంబరుంటుంది. పేరుండదు."

"చిన్నప్పుడు దానికి అక్షరాలు దిద్దించిందీ నువ్వే. దస్తూరీ తెలీదూ?"

"తెలుస్తుందిలే. అదేమంటోంది నా గురించి?"

"ఇంట్లో నిన్ను మేనత్త అనడం మానేసింది. మైనస్ అత్త అంటోంది."

"బావుందిరా. నవ్వొస్తోంది. నవ్వలేకపోతున్నా."

"అర మార్కే కదా అక్కా. ఎక్కడో ఒకచోట చూసి..."

"అర కాదు."

"మరి?"

"నాలుగు. కూడిక తప్పింది. మూడో పేజీ మార్కులు మొత్తంలో కలవలేదు."

"ఎప్పుడు చూశావ్?"

"కిటికీ వెయ్యనా? ఎండ కొడుతోంది నీకు."

"ఎప్పుడు చూశావక్కా?"

"ఫలితాలివ్వకముందే."

"ముందే చూసి..."

"చూసి, ఊరుకున్నా. సరిచేస్తే మేనకోడలికి వేసుకుందంటారు. ఆరుగురే ఉన్నచోట ఏడోదాని మీద మాటొస్తే ఆ ఆరుగురి మీదా మచ్చేరా. అలా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా."

"కూడికలో తప్పు వేరు. ఇది కూడని తప్పు."

"అను. అనడానికి నీకు హక్కుంది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లల పేపర్లు దిద్దాను. నా తప్పొకటి దిద్దుకోలేకపోయాను. ఆ కలం ఇలా ఇయ్యి."

"ఏం రాస్తావ్?"

"ఉన్నదే. కూడిక తప్పని, తెలిసీ దాచానని. ఒకటి మా రిజిస్ట్రారుకి, ఒకటి మీ యూనివర్సిటీకి."

"నీ ఉద్యోగం మీదకొస్తుందేమో. అంతలా ఎందుకు? తెలియక జరిగిందని రాయరాదూ?"

"మళ్ళీ అబద్ధమా? చాల్లే. ఇంతకీ దాని దరఖాస్తు తిప్పి పంపిన పెద్దమనిషెవరు? ఆయన పేరే రాస్తా, తొందరగా చేరుతుంది."

"పేరెందుకులే. యూనివర్సిటీకని రాసెయ్."

"అదేంట్రా, నీకు తెలీదా?"

"తెలుసు... అక్కా, మా దగ్గర ఒక నిబంధన ఉంది. మీరు డిస్టింక్షన్ పిసినారితనంగా ఇస్తారు కాబట్టి, మీ ఫస్టు క్లాసుని మా డిస్టింక్షన్‌తో సమానంగా చూడచ్చు."

"అంటే నా నాలుగు మార్కులు లేకపోయినా పిల్ల దరఖాస్తు నిలిచేదేనా?"

"నిలిచేదే."

"మరి తిప్పి పంపాడే, ఎవడా బుద్ధిలేనివాడు?"

"కూతురికి ఇచ్చుకున్నాడంటారని భయపడ్డవాడక్కా."