పది లీటర్ల లెక్క

మెకానిక్ షెడ్డు. బండి స్టాండు మీద ఉంది. బావ చేతిలో నోటుపుస్తకం, బావమరిది చేతిలో స్పానరు.

"...ఇంక నాకేం చెప్పకు. ఐదింటికి కొనేవాడొస్తాడు, తాళం వాడి చేతిలో పెట్టేస్తాను. పీడా పోతుంది."

"బావా, ఇంజను విప్పి చూశాను. బంగారంలా ఉంది."

"బంగారమైతే కరిగించి అమ్ముకుందాం. ఒరేయ్, ఇది చూడు. పోయినేడు పది లీటర్లకి ఆరొందల ఇరవై కిలోమీటర్లు. ఈ మూణ్ణెల్ల నుంచీ నాలుగొందల డెబ్బై. ప్రతిసారీ నాలుగొందల డెబ్బై. నీ బంగారం పెట్రోలు తాగుతోందా, దాంతో స్నానం చేస్తోందా?"

"పోయిన వారమే కదా ప్లగ్గు మార్చాను."

"మార్చావు. అంతకుముందు కార్బొరేటరు కడిగావు. దానికి ముందు ఫిల్టరు. క్లచ్చు ప్లేట్లు వెయ్యమంటే వేయించాను. చివరికి ఎంత? నాలుగొందల డెబ్బై! నాలుగింటికి లేచి నలభై కొట్లకి బ్రెడ్డు వేసొచ్చేది పెట్రోలు బంకు వాణ్ణి పోషించడానికా?"

"కొత్తది కొంటే మాత్రం..."

"ఆగు. లెక్క రాసుకొచ్చాను. మా బేకరీ క్యాషియరుది నూట పాతిక సీసీ. లీటరుకి యాభై ఐదు. మూణ్ణెల్లకోసారి సర్వీసు, ఆయిలుతో కలిపి తొమ్మిదొందలు. రెండేళ్ళ దాకా టైరు జోలికి పోనక్కర్లేదు. ఏం, బాగుందా?"

"బాగుంది కానీ, సీటు ఎత్తు."

"ఎత్తేమిట్రా? నేను ఆరడుగులున్నాను!"

"నీకు బానే ఉంటుందనుకో..."

"మరి బాగోనిది ఎవరికి? సరే, వదిలెయ్. ఎదురింటాయన పెద్ద బండి. నూటయాభై. లీటరుకి నలభై ఐదే, ఒప్పుకుంటాను. కానీ చైను సెట్టు ముప్పై వేల కిలోమీటర్లు వస్తుందట. మనది అందులో సగం కూడా రాదు."

"అమ్మో, అది వద్దు. బరువు. స్టాండెయ్యాలంటే నడుం పడిపోతుంది."

"ఎవరి నడుం? రోజూ బ్రెడ్డు ట్రేలు ఎత్తేవాణ్ణి!"

"వయసు మీద పడుతోంది కదా బావా."

"నీ తలకాయ! పోనీ, బ్యాటరీ బండి. పెట్రోలు లేదు, ఆయిలు లేదు, ప్లగ్గు లేదు. ఐదేళ్ళకి బ్యాటరీ మార్చాలి, అది పెద్ద దెబ్బే. అయినా నెలకింతని పంచి చూస్తే దీనికంటే నయం."

"ఆస్పత్రి దగ్గర ఎత్తు ఎక్కదది."

"ఏ ఆస్పత్రి?"

"అదే... ఏదో ఒక ఎత్తు. మాటవరసకి అన్నాను."

"నేను బ్రెడ్డు వేసే దార్లో ఎత్తూ లేదు, ఆస్పత్రీ లేదు. ఏ బండి చెప్పినా ఏదో ఒక వంక. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈ డొక్కు అమ్మితే నీకేం నష్టం?"

"డొక్కు అనకు బావా."

"అనక? అద్దం చూడు. రోజూ సరిచేసుకుంటానా, మర్నాటికి కిందకి వంగి ఉంటుంది. వెనక ఫుట్‌రెస్టులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. నేనెవర్నీ వెనక ఎక్కించుకోను కదా! అన్నీ లూజే. బండీ లూజే, నా బతుకూ లూజే."

"అవి బిగిస్తాలే."

"ఏం బిగిస్తావు? ఖర్చులు తట్టుకోలేకే కదా అప్పట్లో అమ్మని ఆస్పత్రి కూడా మాన్పించాను. చెయ్యి విరిగి కట్టు విప్పాక గుప్పెట మూసుకోవట్లేదని, వారానికి మూడుసార్లు కసరత్తుకి రమ్మన్నారు. కసరత్తు ఉచితమే. పోనూ రానూ పాతిక కిలోమీటర్లు, ఆటోయే చంపేసింది. తీరా అక్కడ చేయించేదేమిటయ్యా అంటే, సీసా మూతలు తిప్పించడం! ఆ మాత్రం ఇంట్లో తిప్పుకోలేదా అన్నాను."

"మరి ఇంట్లో తిప్పిందా?"

"ఏమో. దానంతటదే బాగైంది. మొన్న నా చొక్కా ఆవిడే పిండి ఆరేసింది. వాళ్ళు ఊరికే భయపెడతారురా."

"దానంతటదే."

"ఏమిటా నవ్వు?"

"నవ్వలేదు. బావా, ఒక్క నెల ఆగు. బండి అమ్మకు."

"ఎందుకో ఒక్క కారణం చెప్పు."

"చెప్పలేను."

"చెప్పలేవు! అయితే నేను చెప్తాను విను. బండి బాగుందని నువ్వే అంటున్నావు. కారడం లేదు, పొగ లేదు. మరి పది లీటర్లలో దాదాపు రెండున్నర లీటర్లు ఏమైనట్టు? నెలకి రెండుసార్లు బండి నీ షెడ్డులోనే వదిలి పోతున్నాను. గొట్టం పెట్టి లాగుతున్నదెవరు?"

"బావా!"

"బావా లేదు, గీవా లేదు."

"నేను దొంగనా? నీ కళ్ళకి నేను అలా కనిపిస్తున్నానా?"

"లేదు. అందుకే తల పగిలిపోతోంది. నువ్వు కాదు, బండి కాదు, మరి నా పెట్రోలు ఎవడు తాగుతున్నాడు?"

"సరే. ఇంత మాట పడ్డాక ఇంక దాచను. ఇలా రా. మీటరు కింద చెయ్యి పెట్టు. కేబులు బిగించే మర దొరికిందా? తిప్పు."

"పదేళ్ళ బండి, తుప్పు పట్టి ఉంటుంది... అరె. చేత్తోనే వచ్చేసింది."

"ఇప్పుడు వంద కిలోమీటర్లు తిరిగినా మీటర్లో ఒక్కటి కూడా పడదు. పెట్రోలు మాత్రం అవుతుంది."

"అంటే... నా బండి ఎవరో తోలుతున్నారు. నేను పని చేసొచ్చి పడుకున్నాక. పగలు పది నుంచి రెండు దాకా. ఎవడు వాడు?"

"వాడు కాదు."

"మరి?"

"అక్క."

"మీ అక్కా! గేరు బండా!"

"మా నాన్న ఉన్నప్పుడు ఈ షెడ్డులో బాగైన బళ్ళన్నీ తోలి చూసింది ఎవరనుకున్నావు? లైసెన్సు కూడా ఉంది. మీ అమ్మకి నచ్చదని పెళ్ళైన వారంలోనే నువ్వు మాన్పించావు."

"అమ్మకి నిజంగానే నచ్చదురా! తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇంతకీ నాకు తెలీకుండా ఎక్కడికి తిరుగుతోంది?"

"సోమ, బుధ, శుక్రవారాలు. ఆస్పత్రికి."

"ఆస్పత్రికా? దానికేమైంది? ఒరేయ్, దానికేమైందిరా? చెప్పవేం!"

"అక్కకేం కాలేదు. వెనక కూర్చునేది అత్తయ్య. నువ్వు మాన్పించిన కసరత్తుకే వెళ్తున్నారు. ఒక్క రోజు కూడా మానలేదు బావా. ఇంకో నెలలో అయిపోతుందన్నారట. అందుకే ఆగమన్నాను."

"అమ్మ... బండెక్కిందా? కోడలి వెనక?"

"ఎడం చేత్తో అక్క నడుం పట్టుకుని. మొదటి రోజు ఆస్పత్రి వచ్చేదాకా కళ్ళు తెరవలేదట."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? పుస్తకం తీస్తావు."

"ఒరేయ్, నీ జేబులో పెన్ను ఇలా ఇయ్యి."

"ఇప్పుడు పెన్నెందుకు బావా?"

"ఉండు. పోనూ రానూ పాతిక. వారానికి మూడుసార్లు. పది లీటర్ల టాంకీ రెండు వారాలొస్తుంది. ఆరు పాతికలు నూటయాభై. నాలుగొందల డెబ్బైకి కలిపితే..."

"ఆరొందల ఇరవై."

"ఆరొందల ఇరవై. బండి ఒక్క చుక్క కూడా ఎక్కువ తాగలేదురా. మూణ్ణెల్ల నుంచీ దాన్ని తిట్టాను. ఇవాళ నిన్ను దొంగని చేశాను. అమ్మ చెయ్యి దానంతటదే బాగైందని ఊరంతా చెప్పుకు తిరిగాను. సిగ్గుగా ఉంది."

"ఐదింటికొచ్చే ఆయన సంగతి?"

"రావద్దని ఫోను చేస్తాను. నువ్వు ఆ అద్దం ముట్టుకోకు. మీ అక్కకి ఎలా కావాలో అలాగే ఉండనీ. ఇంటికెళ్ళి నేనే చెప్తాను, ఇంక దొంగచాటుగా ఆ మర విప్పొద్దని. మీటరు తిరగనియ్యమంటాను."

"అక్కకి చెప్పి ఏం లాభం? విప్పేది అక్క కాదు."

"మరి నువ్వా?"

"నేను ఒక్కసారి చూపించానంతే. ప్రతిసారీ బండి బయటికి తీసేముందు విప్పేదీ, తిరిగొచ్చాక బిగించేదీ అత్తయ్యే బావా. ఆ విరిగిన చేత్తోనే."